యుద్ధం గెలిచిన పెద్దాయన మీద జాయింట్ నోట్

మా నాన్న ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎన్ని ఓట్ల తేడాతో అన్నది మా ఇంట్లో ఎత్తకూడని మాట. దేశానికీ జిల్లాకీ జరిగిన ఎన్నికలు కావవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ గోడకి ఆనుకుని ఇళ్ళు కట్టుకున్న మా తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, అంతే. అయినా నాన్న ముఖం చూస్తే రాజ్యం చేజారినట్టే ఉండేది. రెండేళ్ళపాటు ఆ ఊసు తనంతట తాను ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. నామినేషన్ వెయ్యాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. అప్పుడొక ఆదివారం పొద్దున్నే, అదే ఊళ్ళో రాజ్‌కిశోర్ నగర్‌లో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"అమ్మడూ, కాయితాలూ పెన్నూ అట్టుకుని సంఘం అరుగు కాడికి రా. జాయింట్ నోట్ రాయాల."

"ఎక్కడ పడిపోయింది నాన్నా బండి?"

"బండి కాదమ్మా. ఒక పెద్దాయన పడిపోనాడు."

రైల్వే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి జాయింట్ నోట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. బండి పట్టా తప్పిందంటే ఇంజను వాళ్ళు, పట్టాల వాళ్ళు, పెట్టెల వాళ్ళు, తలో శాఖ నుంచీ ఒక పెద్దమనిషి అక్కడికక్కడే నిలబడి చూసి, ఎందుకు తప్పిందో ఒకే కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టాలి. ప్రతివాడూ తన శాఖలో లోపం లేదనే రాయిస్తాడు. ఒప్పుకోనివాడు కింద తన అసమ్మతి రాస్తాడు. మా నాన్న లెక్కలో అందులో మనుషుల పేర్లుండవు, హోదాలే ఉంటాయి. నా చిన్నప్పుడు ఇంట్లో పాలు పొంగిపోయినా నాన్న ఇదే పద్ధతిలో విచారించేవాడు. స్టవ్ శాఖ అమ్మది, గిన్నె శాఖ నాది. ఆఖరికి తప్పు పాలవాడిదని తేలేది, ఎందుకంటే సంతకం పెట్టడానికి అతను అక్కడ ఉండడు.

రాయడానికి నన్నే ఎందుకు పిలిచాడంటే, మా తరంలో తెలుగు రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మా తమ్ముడు తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతాడు గానీ, తెలుగు బోర్డు కనిపిస్తే కింద హిందీలో ఏం రాశారో వెతుక్కుంటాడు. నేను బ్యాంకులో పని చేస్తాను. వారానికి ఒక్క ఆదివారం నాది. అదీ పోయింది.

నాన్న గార్డుగా రిటైరయ్యాడు. బండి చివరి పెట్టెలో జెండాలతో నిలబడే మనిషి. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారుగానీ, ఆ మాట వింటే నాన్నకి తలనొప్పి వస్తుంది. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒంటికి పట్టిన వేదం ఒకటే: రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒక్క బండే ఉండాలి. అది చేరిందని అవతలి స్టేషన్ చెప్పి, లైన్ క్లియర్ ఇచ్చాకే రెండో బండి కదలాలి.

జబ్బు వచ్చి ఊళ్ళన్నీ మూసేసినప్పుడు సంఘానికి అధ్యక్షుడు మా నాన్నే. మొదటి రోజే మెడలో విజిల్ వేసుకుని, పచ్చ జెండా, ఎర్ర జెండా పట్టుకుని వీధి మొదట్లో నిలబడి, "ఇది యుద్ధం!" అని ప్రకటించాడు. అప్పట్నుంచీ మా వీధుల్లో ఆ రోజుల్ని యుద్ధం అనే అంటాం. ఒక్కో వీధీ, రెండు స్టేషన్ల మధ్య ఉండేలాంటి ఒక్కో సెక్షన్. సెక్షన్‌లో ఒకసారి ఒక్క మనిషే ఉండాలి. ఒకాయన పాలు తెచ్చుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాక, వాళ్ళావిడ కిటికీలోంచి చెయ్యి ఊపితే, అప్పుడు నాన్న పచ్చ జెండా చూపిస్తే, రెండో ఇంటివాళ్ళు గిన్నె పట్టుకుని గడప దాటాలి. ఒకావిడ కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతూ ఆలస్యం చేస్తే, నాన్న ఆవిణ్ణి సెక్షన్‌లో ఆగిపోయిన బండిగా ప్రకటించి, వెనక్కి పంపించాడు.

నవ్వకండి. అది పని చేసింది. మా వీధుల్లో ఎవరినీ పోగొట్టుకోలేదు. రెండో వేసవిలో మా అమ్మకి జ్వరం వచ్చి, ఊపిరి అందక, మంచం మీద కూర్చోలేని స్థితికి వచ్చినప్పుడు, నాన్న ఎవరెవరినో బతిమాలి ఆక్సిజన్ సిలిండర్ సంపాదించి, సామాన్ల తోపుడు బండి మీద పెట్టుకుని ఎండలో తోసుకుంటూ వచ్చాడు. అమ్మ గది గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. విజిల్ మెడలోనే ఉంది గానీ ఊదలేదు. ఆ యుద్ధం మొత్తంలో నాన్న విజిల్ ఊదని రోజులు అవే. అమ్మ లేచి నాలుగడుగులు వేసిన రోజున ఆయన గోడ వైపు తిరిగి నిలబడటం నేను చూశాను.

తరవాత ఊళ్ళు తెరిచారు. బళ్ళు నడిచాయి. పెళ్ళిళ్ళు జరిగాయి. సంఘం వాళ్ళు నాన్నకి శాలువా కప్పారు. అందరూ యుద్ధం అయిపోయిందనుకున్నారు, ఒక్క నాన్న తప్ప. ఆయన మాత్రం లైన్ క్లియర్ ఇస్తూనే ఉన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒకసారి పెళ్ళికొడుకు గుర్రం మీద ఊరేగింపుగా వస్తుంటే, వీధిలో అవతలి నుంచి ఎవరిదో స్కూటర్ వస్తోందని మొత్తం బరాత్‌ని వీధి మొదట్లో ఆపేశాడు. బ్యాండు వాళ్ళు ఆగిన చోటే ఒకే పాట వాయించి వాయించి అలిసిపోయారు. గుర్రం మాత్రం నాన్న చంకలో ఉన్న పచ్చ జెండాని గడ్డి అనుకుని తినబోయింది.

ఎన్నికల్లో నాన్న మీద టెంట్ హౌస్ నడిపే ఆయన నిలబడ్డాడు. ఆయన ఇచ్చిన హామీలు రెండు: విజిల్ ఉండదు, మీటింగుల్లో ఇడ్లీ ఉంటుంది. గెలిచాడు.

నాన్న వీధి వదిలేశాడు. ఇక ఆయన పరిపాలనకి మిగిలింది మా ఇల్లొక్కటే, ప్రజలంటే మా అమ్మొక్కతే. అమ్మ బయటికి వెళ్ళాలంటే గేటు దగ్గర నిలబడాలి. ఎక్కడికి, ఎవరింటికి, ఎంతసేపు, అన్నీ చెప్పాలి. నాన్న కుర్చీలోంచి తలూపితేనే గేటు తియ్యాలి. బిలాస్‌పూర్ పక్కనే కోటా అనే ఊళ్ళో మా పిన్ని ఉంది. రైల్లో ఎంతో దూరం లేదు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ అమ్మ చెల్లెలి గడప తొక్కలేదు. అడిగినప్పుడల్లా "బళ్ళు రద్దీగా ఉన్నాయి" అనేవాడు నాన్న. అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేది.

ఇక అరుగు సంగతి. సంఘం హాలు పక్కన ఆదివారం పొద్దున నలుగురు కూర్చుంటారు. మా నాన్న ఒకడు. రెండోవాడు ఇంజను నడిపి రిటైరైన మనిషి, నేను బండి బాబాయి అంటాను. మూడో ఆయన పట్టాల శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు, పట్టాల మావయ్య. నాలుగో ఆయన చక్రాల పెదనాన్న. బండి ఆగగానే చిన్న సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ, మోత విని ఏ చక్రానికి బీటుందో చెప్పే పని ఆయనది. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోదు. ఎక్కడ కూర్చున్నా బల్లనో కుర్చీనో వేలి కణుపుతో కొట్టి చూస్తేగాని ఆనడు.

ఆ అరుగు మీద ఒక కట్టుబాటు ఉంది. ఏ నాయకుడి పేరూ, ఏ పార్టీ పేరూ ఎత్తకూడదు. ఒకప్పుడు ఎత్తారు, క్యారమ్ బోర్డు విరిగింది. అప్పట్నుంచీ అందరూ "ఆయన", "పెద్దాయన" అనే మాట్లాడతారు. ఎవరి గురించో అందరికీ తెలుసనే అనుకుంటారు.

ఆ మొదటి ఆదివారం ఇంటి దగ్గర ఎక్కించుకుంటే, నా స్కూటీ వెనక కూర్చుని నాన్న అసలు సంగతి నా చెవిలో వేశాడు. యుద్ధం గెలిపించి ఎన్నికల్లో ఓడిపోయిన ఒక దేశం పెద్దాయన మీద ఫోన్‌లో ఒక వీడియో చూశాడట. "తప్పు జనానిదని తేలితే నామినేసన్ ఎయ్యొచ్చు. పెద్దాయనదని తేలితే ఎయ్యకూడదు. అంతే."

ఏ దేశం పెద్దాయనో తప్పు చేస్తే నీ నామినేషన్ ఎందుకు ఆగాలి నాన్నా అని అడగలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు.

అరుగెక్కి కేసు చెప్పాడు. "ఒక దేశం. దానికో పెద్దాయన. పేరొద్దు, రూలున్నాది. యుద్ధమొచ్చీసింది. అందరూ వొణికిపోతంటే ఆయనొక్కడే నిలబడి గెలిపించినాడు. ఆ ఎనకాలే ఎన్నికలొత్తే ఓడించి ఇంటికి పంపించీసినారు. ఏరు దాటేక తెప్ప తగలేసినట్టు కాదేటి?"

చక్రాల పెదనాన్న అప్పుడు అక్కడ లేడు. వేడి వేడి భజియాల కోసం వెళ్ళాడు. ఆయన పొట్లం పట్టుకుని వచ్చేసరికి నాన్న ఆఖరి వాక్యం చెబుతున్నాడు: "యుద్ధం గెలిపించినోణ్ణి ఎందుకు ఓడించినారు? తేలాల." పెదనాన్న నాన్న ముఖంలోకి ఒకసారి చూసి, "తేలాల తమ్ముడూ. ఎప్పుడో ఒకప్పుడు తేలాల్సిందే" అని, అరుగు మీద రెండు దెబ్బలు కొట్టి కూర్చున్నాడు.

ముందు శాఖలు పంచుకున్నారు. దేశం పట్టాలు, నాయకుడు ఇంజను, మంత్రులూ అధికారులూ పెట్టెలు, ప్రజలు ప్రయాణికులు.

"నా పట్టాల్లో లోపం లేదు బావా" అన్నాడు పట్టాల మావయ్య వెంటనే. "అంత మంచు పడినా కదల్లేదు. రాసుకో అమ్మా."

"ఇంజను దివ్యంగా ఉన్నాది" అన్నాడు బండి బాబాయి. "పెద్దాయన నోరు ఇప్పితే సముద్రంలో ఓడల మీదోళ్ళు కూడా లేచి నిలబడీవోరు."

నేను పెన్ను ఆపాను. "మంచా, ఓడలా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాన్న కలగజేసుకుని, "పెద్ద దేశమై ఉంటాది" అన్నాడు. నాన్న ఆ వీడియో సగమే చూశాడని నాకు తరవాత తెలిసింది. పెద్దాయనకి గుబురు మీసం అని మావయ్య, నున్నటి బట్టతల అని బాబాయి వాదించుకుంటే, దాన్నీ నాన్నే సర్దాడు. యుద్ధానికి ముందు మీసం, యుద్ధం తరవాత బట్టతల అట. బాధ్యత అలాంటిదట. నేను రాశాను. బ్యాంకులో ఇంతకంటే విచిత్రమైనవి రాశాను.

ఏ శాఖలోనూ లోపం లేదు కాబట్టి మిగిలింది ప్రయాణికులు. వాళ్ళ తరఫున సంతకం పెట్టేవాళ్ళెవరూ అక్కడ లేరు. మా ఇంటి పాలవాడు గుర్తొచ్చాడు నాకు. "తప్పు జనానిదే" అని బాబాయి, మావయ్య తీర్మానించేశారు. నాన్న ముఖం విప్పారింది. భజియా ఒకటి ఎక్కువ తిన్నాడు. పెదనాన్న మాత్రం, "అచ్ఛా, అంత తొందరేటి? ముందు యుద్ధంలో ఆయనేటి సేసినాడో అది రాయండి, ఓటమి సంగతి తరవాత" అన్నాడు. న్యాయంగానే ఉందని విచారణ పై ఆదివారానికి వాయిదా వేశారు.

పై ఆదివారం యుద్ధకాలపు నాయకత్వం మీద నడిచింది. బండి బాబాయి లెక్కన పెద్దాయన శత్రువు ఓడల్ని ముంచాడు. పట్టాల మావయ్య లెక్కన కొండల మీద మంచులో ఫిరంగులు లాగించాడు. ఓడల్ని కొండ మీదికి లాగి ముంచాడని రాయమంటారా అని అడిగాను. "ఆ వ్యంగ్యం కట్టిపెట్టు" అన్నాడు నాన్న.

అప్పుడు చక్రాల పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "ఓడలూ గీడలూ నాకు తెలీదు. నాను సూసింది సెప్తాను. ఇంటింటికీ ఉల్లిపాయలు పంచినాడు. బస్తాలో కుళ్ళిపోయినవి ఏరి తనింటికి అట్టుకుపోనాడు. మంచివి జనానికిచ్చినాడు. అది మరిసిపోకండి. రాయమ్మా."

నాన్న తొడ మీద చరుచుకున్నాడు. "సూసినారా! నాయకుడంటే అదీ! తను కుళ్ళినవి తిని జనానికి మంచివి పెట్టినోణ్ణి ఓడిత్తారా? మనుసులేనా ఆళ్ళు?"

నా చేతిలో పెన్ను అక్కడే ఉండిపోయింది. ఆ కుళ్ళిన ఉల్లిపాయల పులుసు నేను తిన్నాను. యుద్ధంలో మా ఇంట్లో రోజూ అదే. అమ్మ సగం కోసి పారేసి, మిగతా సగంలో చింతపండు ఎక్కువేసి వాసన కప్పేది. బాబాయి ఒక దేశం గురించి మాట్లాడుతున్నాడు, మావయ్య ఇంకో దేశం గురించి. పెదనాన్న మాత్రం రెండు వారాలుగా నా పక్కన కూర్చున్న మనిషి గురించే మాట్లాడుతున్నాడు. నాన్నకి అది తెలీదు. నాన్నకి తెలీదన్న సంగతి పెదనాన్నకి తెలీదు.

నేను నోరు విప్పలేదు. రెండేళ్ళుగా వంగిపోయిన నాన్న వీపు ఆ పూట నిటారుగా అయింది. ఎవరో దేశనాయకుణ్ణి పొగుడుతున్నారనుకుని, తనని పొగుడుతుంటే తలూపుతూ కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలేసింది కూడా. వెనక్కి వచ్చేటప్పుడు స్కూటీ మీద, "పెద్దాయన గొప్పోడమ్మా" అన్నాడు. "అవును నాన్నా" అన్నాను. నిజంగానే అన్నాను.

మూడో ఆదివారం సంతకాలు. మర్నాడు నామినేషన్లకి ఆఖరి రోజు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను నోట్ చదివాను. నాయకత్వం నిర్దోషం, దేశం నిర్దోషం, మంత్రులు నిర్దోషులు, పట్టా తప్పడానికి కారణం ప్రయాణికుల కృతఘ్నత. బాబాయి సంతకం పెట్టాడు. మావయ్య పెట్టాడు. పెదనాన్న పెన్ను తీసుకుని, కాగితం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, పెన్ను తిరిగి నాకిచ్చేశాడు.

"నానెట్టను."

"ఏటన్నయ్యా?" అన్నాడు నాన్న.

"ఇది బ్రేకు బైండింగు. అసమ్మతి రాయమ్మా." పెదనాన్న నాన్న వైపే చూస్తూ చెప్పాడు. "ఆపాల్సిన చోట బ్రేకేసినాడు. ఆ రోజు ఆ బ్రేకు పడకపోతే సానామందిమి పోదుం. ఒప్పుకుంటాను. గానీ సిగ్నలిచ్చీసినాక కూడా బ్రేకు ఒదల్లేదు. అలాగుంటే చక్రాలు తిరగవు, ఈడుచుకుంటా ఎల్తాయి. ఏడెక్కిపోతాయి, పొగొచ్చీసుద్ది. పెట్టెలో కూకున్నోళ్ళు దిగిపోకేటి సేత్తారు? ప్రయాణికులది తప్పని నాను రాయను."

నాన్న మొహం ఎర్రబడింది. "బ్రేకు ఒదలడం డ్రైవరు పని."

బండి బాబాయి లేచాడు. తన శాఖ మీదికి వచ్చింది మరి. "నాను ఒదిలినా, ఎనకాల గార్డు తన బ్రేకు బిగించీసి కూకుంటే నానేటి సేసేది?"

"ఇందులో గార్డునెందుకు లాగుతావు? ఆ దేశంలో గార్డెక్కడున్నాడు?"

"మరి డ్రైవరు మాత్రం ఎక్కడున్నాడు?"

"ఆగండెహె!" అన్నాడు పెదనాన్న. "ఎవరెన్ని సెప్పినా నాను సంతకం పెట్టను. ఓడించినోళ్ళలో నానూ ఒకణ్ణి. నా మీద నానే తప్పెలా రాసుకుంటాను?"

అవతల లైన్ మీద బొగ్గు బండి ఒకటి పోతూనే ఉంది.

"అన్నయ్యా" అన్నాడు నాన్న మెల్లగా, "ఆ దేశంలో నీకు ఓటెక్కడిది?"

"ఏ దేశంలో?"

"పెద్దాయన దేశంలో."

"ఏ పెద్దాయన? పేరెత్తకూడదని నువ్వలా అంటన్నావనుకున్నాను. ఇన్ని ఆదివారాలూ నీ గురించి కాదేటి తమ్ముడూ మాటాడతన్నాం?"

నాన్న నా వైపు చూశాడు. నేను కాగితాల వైపు చూశాను. పెదనాన్నకి అప్పుడు అర్థమైంది. మాట వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాను. తీసుకోలేదు. నాన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "మా ఆవిడ ఈయాల బతికున్నాదంటే నీ జెండా వల్ల. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. గానీ ఓటు నీకెయ్యలేదు. రెండూ నిజవే."

"అయితే" అన్నాడు బండి బాబాయి తేరుకుని, "ఆ మంచులో మీసాలాయనెవరు?" అప్పుడు బాబాయి, మావయ్య కట్టుబాటు మర్చిపోయి పేర్లు చెప్పేసుకున్నారు. రెండూ వేరు వేరు దేశాలు, వేరు వేరు యుద్ధాలు. ఒకాయన గెలిచినదాన్ని ఇంకొకాయన ఖాతాలో వేశావని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఆ పేర్లు నేనిక్కడ రాయను, రూలు రూలే. నాన్న వాళ్ళని ఆపలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, స్కూటీ దగ్గరికి నడిచాడు.

అమ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే. నువ్వెవరికేసినావు?"

ఏ ఎన్నికలని అమ్మ అడగలేదు. బెండకాయ మొదలు కోస్తూ, "టెంటాయనకి" అంది.

"నువ్వూనా?"

"మీరు గెలిత్తే ఇంకో రెండేళ్ళు నాను ఆ గేటు కాడ నిలబడాల గదండీ. ఓడిపోతే మానేత్తారనుకున్నాను. మానలేదు."

"అంతా నీకోసవే కదే" అన్నాడు నాన్న. "ఆ రోజు నీకు ఊపిరి..." గుమ్మం పట్టుకున్నాడు. అప్పటిదాకా నేను కూడా ఆయన అధికారం కోసం బాధపడుతున్నాడనే అనుకున్నాను. ఆ గది బయట కుర్చీలోంచి ఈ మనిషి ఇంకా లేవలేదని నాకు ఆ పూటే తెలిసింది.

అమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టి, లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు జొరం తగ్గి ఏళ్ళయిపోయింది. బతికే ఉన్నాను. ఒక పాలి సూసుకోండి. సూసుకుని, ఇంక లైన్ క్లియరిచ్చీండి."

నాన్న చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు ఏడుపొచ్చేసింది. స్కూటీ తాళం వెతుక్కుంటున్నట్టు బయటికి వచ్చేశాను. తాళం నా చేతిలోనే ఉంది.

నాన్న నామినేషన్ వెయ్యలేదు. మర్నాడు ఆ గడువు సాగుతున్నంతసేపూ ఆయన హాల్లో క్యారమ్ ఆడుతున్నాడట. జాయింట్ నోట్‌లో నేను రాసిన పెదనాన్న అసమ్మతి కింద, "ఏకీభవిస్తున్నాను" అని రాసి, పేరు లేకుండా "గార్డు" అని సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని ఎవరికి పంపాలో నలుగురిలో ఎవరికీ తెలీలేదు. ఏ దేశానికని పంపుతారు?

ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ సంచీ పట్టుకుని గేటు దాకా వెళ్ళి ఆగిపోయిందట. నాన్న పేపరు వెనకనుంచి, "ఏటి నిలబడిపోనావు?" అన్నాడట.

"అలవాటైపోనాది."

"ఎల్లు."

ఇదంతా నాకెలా తెలుసంటే, నాన్న బ్యాంకుకి ఫోన్ చేసి చెప్పాడు. "మీ అమ్మెల్లింది. ఎక్కడికో నానడగలేదు." కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నారు. కాసేపటికి మళ్ళీ చేశాడు. "ఎప్పుడొస్తాదో కూడా అడగలేదు." మధ్యాహ్నం దాకా, తాను అడగలేదని చెప్పడానికి ఎన్నిసార్లు చేశాడో. మా మేనేజర్ చివరికి, "మీ నాన్నగారు ఏం అడగలేదట?" అని హిందీలో అడిగాడు.

సాయంత్రం డ్యూటీ అవగానే నాన్న దగ్గరికే వెళ్ళాను. నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. విజిల్ ఎక్కడా లేదు. అమ్మ కోటా వెళ్ళి ఉంటుందని ఊహించాడు. కోటా వైపు నుంచి వచ్చే ప్రతి బండీ ఆయనకి కంఠతా వచ్చు. కూత వినబడ్డప్పుడల్లా లేచి నిలబడి, "ఇదే అయ్యుంటాది" అని, దిగి ఇంటికి నడిచి వచ్చేంతసేపు చూసి, మళ్ళీ కూర్చునేవాడు. ఒక బండి పోయింది. ఇంకోటి పోయింది. ముఖం నల్లబడిపోతోంది. ఫోన్ చెయ్యనా అన్నాను. "వొద్దు. అడగనన్నాను కదా" అన్నాడు.

చీకటి పడే ముందు ఏ బండీ కూయని సమయంలో గేటు ముందు ఆటో ఆగి, అమ్మ దిగింది.

నాన్న మెట్లు దిగేశాడు. "బండిలో రాలేదేటే?"

"బస్సులో వొచ్చినాను."

"ఎందుకే? ఆ టయానికి బండి ఖాళీగా ఉంటాది కదా!"

"బండైతే నానెక్కడున్నానో మీకు తెలిసిపోద్ది" అంది అమ్మ.

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓడిపోయాక ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంటూ సంచీ అందుకుని, బరువు చూసి, మూతి విప్పి లోపలికి చూశాడు. పిన్ని పంపిన ఉల్లిపాయలు. అలవాటుగా చెయ్యి లోపలికి పెట్టి ఏరబోయాడు.

"అన్నీ మంచివే" అంది అమ్మ. "ఏరక్కర్లేదు."